ఎముక పంపిన కబురు: ఆస్టియోకాల్సిన్ యాభై ఏళ్ళ కథ

మన బడి సైన్స్ గదిలో గోడకు పక్కపక్కనే రెండు పటాలు వేలాడుతుండేవి. ఒకటి అస్థిపంజరం పటం, రెండోది వినాళ గ్రంథుల పటం. మొదటి పటం మీద బెత్తం ఆనించి మాస్టారు "ఎముకలు ఎన్నిరా?" అంటే క్లాసంతా ఒక్క గొంతుతో "206 మాస్టారూ!" అనేవాళ్ళం. "ఎందుకున్నాయి?" అంటే శరీరానికి ఆకారం, ఆధారం, లోపలి అవయవాలకు రక్షణ, కండరాలకు పట్టు, మజ్జలో రక్తకణాల తయారీ. ఈ అయిదూ రాస్తే పూర్తి మార్కులు. రెండో పటంలో పీయూష గ్రంథి, అవటు గ్రంథి, అధివృక్క గ్రంథులు, క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికలు ఉండేవి. రక్తంలో చక్కెరను అదుపులో పెట్టే ఇన్సులిన్ ఆ పుటికల నుంచే వస్తుందని చదువుకున్నాం. ఒక పటానికి రెండో పటంతో పని ఉంటుందని మాలో ఎవరికీ తోచలేదు.

నేను పదో తరగతి పాసైన 1976లోనే మన పూర్వ విద్యార్థుల సంఘం మొదలైంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే అమెరికాలో రెండు ప్రయోగశాలలు ఎముకలోంచి ఒక చిన్న ప్రోటీన్‌ను వెలికితీశాయి. దాని పేరు ఆస్టియోకాల్సిన్. అంటే మన సంఘానికీ దానికీ దాదాపు ఒకటే వయసు. ఆ రెండు పటాలనూ కలపడానికి జరిగిన ప్రయత్నమే దాని చరిత్ర.

స్వర్ణోత్సవ సంచికకు బడి జ్ఞాపకాలు రాయకుండా ఈ విషయం ఎత్తుకోవడానికి ఒక కారణం ఉంది. పోయిన ఏడాది మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోకి ఒక సందేశం వచ్చింది. "షుగరుకు అసలు మందు ఎముకలోనే ఉంది, శాస్త్రవేత్తలు కనిపెట్టారు" అని మొదలై, ఏదో పొడి అమ్మకంతో ముగిసింది. మా బెంచీలో కూర్చున్న మిత్రుడొకడు దాన్ని నమ్మి మాత్రలు మానేశాడు. రెండు నెలలు తిరక్కుండానే చక్కెర నాలుగు వందలు దాటి ఆసుపత్రిలో చేరాడు. చూడటానికి వెళితే, "ఒరేయ్, నువ్వు జువాలజీ చెప్పినవాడివి కదా. అందులో అబద్ధమేముందో ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది కదరా" అన్నాడు. నిజానికి ఆ సందేశంలో మొదటి సగం పూర్తిగా అబద్ధం కాదు. అందుకే ఒక్కమాటలో చెప్పలేకపోయాను. అతని అనుమతితో, పేరు చెప్పకుండా, ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటున్నాను.

హార్మోన్ అనే మాట పుట్టిన రోజులు

1889లో స్ట్రాస్‌బర్గ్‌లో మింకోవ్‌స్కీ, వాన్ మేరింగ్ అనే ఇద్దరు వైద్యులు ఒక కుక్కకు క్లోమాన్ని తొలగించారు. దానికి మధుమేహం వచ్చింది. చక్కెరకూ క్లోమానికీ సంబంధం ఉందని అలా రూఢి అయింది. 1902లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ కలిసి చిన్నపేగు గోడ నుంచి వచ్చే సెక్రెటిన్ అనే పదార్థాన్ని కనిపెట్టారు. అది నరాలతో పని లేకుండా, రక్తం ద్వారా వెళ్ళి క్లోమాన్ని కదిలించింది. ఇలాంటి పదార్థాలకు స్టార్లింగ్ 1905లో "హార్మోన్" అనే పేరు వాడాడు. గ్రీకులో కదిలించేది, పురికొల్పేది అని దాని అర్థం. ఒకచోట పుట్టి, రక్తంలో పడి, దూరాన ఉన్న అవయవానికి కబురు చేర్చేదే హార్మోన్.

1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్‌ను వేరుచేశారు. మాక్లియాడ్ ఆ ప్రయోగశాలకు పెద్ద. కాలిప్ దాన్ని శుద్ధి చేశాడు. 1922 జనవరిలో 14 ఏళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి ఇంజెక్షన్ ఇస్తే సరిగా పనిచేయలేదు. మందులో మలినాలున్నాయి. పన్నెండు రోజుల తర్వాత శుద్ధి చేసిన మందు ఇస్తే చక్కెర దిగింది. అక్కడి నుంచి అర్ధ శతాబ్దం పాటు చక్కెర కథంతా క్లోమం చుట్టూ, కాలేయం చుట్టూ, కండరాల చుట్టూ తిరిగింది. ఎముక ఊసే లేదు.

విటమిన్ కె నుంచి ఎముకకు

ఎముక ఈ కథలోకి దొడ్డిదారిన వచ్చింది. డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ డామ్ కోడిపిల్లల్లో రక్తస్రావం ఎందుకు ఆగడం లేదో వెతుకుతూ విటమిన్ కె ని కనుగొన్నాడు. రక్తం గడ్డకట్టడానికి అది అవసరమని తేలింది కానీ, ఎలా పనిచేస్తుందో చాలాకాలం తెలియలేదు. 1974లో స్వీడన్‌లో స్టెన్‌ఫ్లో, అమెరికాలో నెల్‌సెస్టుయెన్ ఆ ముడి విప్పారు. ప్రోటీన్‌లో ఉండే గ్లుటామిక్ ఆమ్లానికి విటమిన్ కె సాయంతో అదనంగా ఒక కార్బాక్సిల్ సమూహం తగులుకుంటుంది. అప్పుడది కాల్షియాన్ని కొక్కెంలా పట్టుకోగలదు. దానికి "గ్లా" అని పేరు పెట్టారు.

కాల్షియాన్ని పట్టుకునే కొక్కెం రక్తంలో ఉంటే, కాల్షియం గిడ్డంగి అయిన ఎముకలో ఉండదా? బోస్టన్‌లో హౌష్కా, జేన్ లియాన్, గాలప్ 1975లో ఎముకలో గ్లా ఉందని చూపించారు. 1976లో శాన్ డియాగోలో పాల్ ప్రైస్ బృందం ఎముకలోని గ్లా ప్రోటీన్‌ను శుద్ధి చేసి దాని నిర్మాణాన్ని వివరించింది. మనిషిలో అది 49 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అందులో మూడుచోట్ల గ్లా కొక్కేలు ఉండవచ్చు. ఎముకను కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలు దాన్ని తయారుచేస్తాయి. ఎక్కువభాగం ఎముకలోనే అతుక్కుపోతుంది, కొద్దిగా రక్తంలోకి జారుతుంది. 1980లో ప్రైస్ బృందం దాన్ని రక్తంలో కొలిచే పద్ధతిని ప్రకటించింది. అప్పటినుంచి ఎముక ఎంత చురుగ్గా పునర్నిర్మాణం అవుతోందో తెలుసుకోవడానికి వైద్యులు ఆస్టియోకాల్సిన్ పరీక్ష వాడుతున్నారు.

అయితే అసలు దాని పనేమిటి? ఎముకను గట్టిపరచడమే అయి ఉంటుందని అందరూ అనుకున్నారు.

అనుకున్నదొకటి, అయినదొకటి

ఒక వస్తువు పనేమిటో తెలియాలంటే దాన్ని తీసేసి చూడటం ఒక పద్ధతి. 1996లో హ్యూస్టన్‌లో జెరార్డ్ కార్సెంటీ, పాట్రిషియా డ్యూసీ తదితరులు ఆస్టియోకాల్సిన్ జన్యువులు లేని చిట్టెలుకలను పుట్టించి, ఆ ఫలితాలను "నేచర్" పత్రికలో ప్రచురించారు. ఎముకలు బలహీనపడాలి కదా? అలా కాలేదు. ఎముక ఇంకా ఎక్కువగా పెరిగింది. ఆ ఎలుకల పొట్టలో కొవ్వు కూడా ఎక్కువగా కనిపించింది. ఎముక ప్రోటీన్ తీసేస్తే కొవ్వు ఎందుకు పెరగాలి?

అప్పటికి శరీరశాస్త్రంలో పాత గోడలు కొన్ని పడిపోతున్నాయి. రక్తాన్ని తోసే పంపు మాత్రమే అనుకున్న గుండె, ఉప్పునీటి అదుపు కోసం ఒక హార్మోన్‌ను వదులుతుందని 1981లో తెలిసింది. నిల్వ సరుకు మాత్రమే అనుకున్న కొవ్వు, ఆకలిని తగ్గించే లెప్టిన్ అనే హార్మోన్‌ను వదులుతుందని 1994లో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం చూపించింది. ఆ లెప్టిన్ మెదడు ద్వారా ఎముక పెరుగుదలను కూడా అదుపు చేస్తుందని 2000లో కార్సెంటీ బృందం చెప్పింది. కొవ్వు నుంచి ఎముకకు కబురు వెళుతుంటే, ఎముక నుంచి తిరుగు జవాబు రాదా అన్నది వారి తర్కం. పెద్దవాళ్ళలో కూడా అస్థిపంజరంలో సుమారు పదో వంతు ఏటా కరిగి మళ్ళీ కడుతూ ఉంటుంది. ఇల్లు ఎప్పుడూ మరమ్మతులోనే ఉంటే ఖర్చు లెక్క చూసేవారితో మేస్త్రీకి మాటలు ఉండాలి కదా.

2007 ఆగస్టులో "సెల్" పత్రికలో వారి జవాబు వచ్చింది. అప్పటికి కార్సెంటీ న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. ఆ వ్యాసంలో మొదటి పేరు నా క్యుంగ్ లీ అనే పరిశోధకురాలిది. ఆస్టియోకాల్సిన్ లేని ఎలుకల్లో చక్కెర పెరిగింది, ఇన్సులిన్ తగ్గింది, కొవ్వు పెరిగింది. ఎముక కణాల్లో "ఎస్ప్" అనే ఇంకో జన్యువును తీసేస్తే సరిగ్గా దీనికి తిరగబడింది. ఇన్సులిన్ పెరిగి చక్కెర బాగా తగ్గిపోయింది. ఈ రెండో రకం ఎలుకల్లో ఆస్టియోకాల్సిన్‌ను సగానికి తగ్గిస్తే పరిస్థితి మామూలైంది. ఎముక కణాలనూ క్లోమపు పుటికలనూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో జల్లెడ పెట్టి పెంచినా, పుటికల్లో ఇన్సులిన్ తయారీ పెరిగింది. అంటే ఎముక కణాల నుంచి ఏదో కరిగి అవతలికి వెళుతోంది. అది గ్లా కొక్కేలు పూర్తిగా లేని ఆస్టియోకాల్సిన్ అని వారు తేల్చారు. కొక్కేలున్నది ఎముకను పట్టుకుని ఉండిపోతుంది. కొక్కెం లేనిది ఊరిమీద పడి తిరుగుతుంది. సైన్స్ గది గోడ మీది రెండు పటాలూ కలిసినట్టే అనిపించింది.

2010లో ఒకే సంచికలో రెండు బృందాలు ఆ చక్రాన్ని పూర్తిచేశాయి. ఒకటి కొలంబియాది, రెండోది జాన్స్ హాప్కిన్స్‌లోని క్లెమెన్స్ బృందం. ఇన్సులిన్ ఎముక కణాల మీద కూడా పనిచేస్తుంది. దాని ప్రభావంతో ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలు చురుగ్గా పనిచేస్తాయి. అవి వదిలే ఆమ్లంలో ఆస్టియోకాల్సిన్‌కు ఉన్న కొక్కేలు ఊడి, అది రక్తంలోకి వచ్చి, క్లోమాన్ని మళ్ళీ ఇన్సులిన్ వదలమంటుంది. చూడటానికి ఎంతో చక్కని ఏర్పాటు.

కబుర్ల మీద కబుర్లు

ఆ తర్వాత పదేళ్ళూ ఈ చిన్న ప్రోటీన్‌కు పెద్ద పేరొచ్చింది. మగ ఎలుకల్లో టెస్టోస్టెరోన్ తయారీకి అది అవసరమని 2011లో, మెదడు ఎదుగుదలకూ జ్ఞాపకశక్తికీ అవసరమని 2013లో, వ్యాయామంలో కండరాల శక్తికి తోడ్పడుతుందని 2016లో, ప్రమాదం ఎదురైనప్పుడు శరీరం వెంటనే స్పందించడంలో దాని పాత్ర ఉందని 2019లో అదే బృందం ప్రకటించింది. 2017లో కొలంబియాలోనే స్టావ్రౌలా కౌస్టెనీ బృందం లిపోకాలిన్-2 అనే ఇంకో పదార్థం గురించి చెప్పింది. అదీ ఎముక కణాల నుంచే వచ్చి, ఎలుకల మెదడులో ఆకలిని తగ్గిస్తుందని, ఇన్సులిన్‌కు తోడ్పడుతుందని వారి మాట.

ఇక్కడ ఒక విషయం విడిగా చెప్పాలి. ఎముక హార్మోన్లను వదులుతుందా అన్న ప్రశ్నకు తిరుగులేని సాక్ష్యం చక్కెర దగ్గర కాదు, భాస్వరం దగ్గర ఉంది. వంశపారంపర్యంగా వచ్చే ఒక రకం రికెట్స్ వ్యాధికి కారణం వెతుకుతూ 2000లో ఎఫ్‌జీఎఫ్-23 అనే హార్మోన్ జన్యువును గుర్తించారు. ఆ హార్మోన్ ప్రధానంగా ఎముక కణాల్లో పుట్టి, మూత్రపిండాలకు చేరి, రక్తంలో భాస్వరం ఎంత ఉండాలో నిర్ణయిస్తుంది. దీని మీద పేచీ లేదు. రక్తంలో భాస్వరాన్ని రంగుతో తేలిగ్గా కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి ప్రచురించినవాడు భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఎముక కథలో తెలుగువాడి చెయ్యి పడిన చోటు అది.

2020లో వచ్చిన అడ్డు

చక్కెర విషయానికి వద్దాం. 2020 మే నెలలో "ప్లాస్ జెనెటిక్స్" పత్రికలో రెండు వ్యాసాలు ఒకేసారి వెలువడ్డాయి. ఒకటి అమెరికాలో బార్ట్ విలియమ్స్ తదితరులది, రెండోది జపాన్‌లోని నాగసాకిలో కొమోరి బృందానిది. ఇద్దరూ ఎవరికి వారు ఆస్టియోకాల్సిన్ లేని చిట్టెలుకలను కొత్తగా పుట్టించారు. అమెరికా ఎలుకల్లో రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది, మగ ఎలుకలకు సంతానమూ కలిగింది. నాగసాకి ఎలుకల్లోనూ చక్కెర, టెస్టోస్టెరోన్, కండరాలు అన్నీ మామూలే. ఎముక పరిమాణంలో తేడా లేదు గానీ, ఎముకలోని ఖనిజ స్ఫటికాలు వరుస తప్పి ఉన్నాయి, ఎముక బలం తగ్గింది. అంటే 1976లో జనం ఊహించిన పనికి దగ్గరగా ఉన్న పనే అక్కడ తేలింది.

ఒకే జన్యువులు తీసేస్తే ఫలితం ఇంత తేడాగా ఎందుకు వచ్చింది? ఎలుకల వంశం వేరు కావచ్చు, మేత వేరు కావచ్చు, జన్యువును తీసిన తీరు వల్ల పక్క జన్యువులు కదిలి ఉండవచ్చు. అదే పత్రికలో కార్సెంటీ తన వాదాన్ని సమర్థించుకున్నాడు. ఎముకల శాస్త్రంలో పేరున్న మనోలగాస్ అది హార్మోన్ కాదని రాశాడు. ఇద్దరూ ఆధారాలు చూపించే మాట్లాడారు. ఆ పేచీ ఇంకా తెగలేదు.

మరి మనుషుల సంగతి?

మన మిత్రుడికి కావలసిన జవాబు ఇక్కడుంది. మనదేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహంతో ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ సర్వే చెప్పింది. నేనూ వారిలో ఒకణ్ణి. పందొమ్మిదేళ్ళుగా మాత్రలు వేసుకుంటున్నాను. అందుకని ఈ భాగం మాత్రం కాస్త జాగ్రత్తగా చదవమని మనవి.

మొదటిది. టైప్-2 మధుమేహం ఉన్నవారి రక్తంలో ఆస్టియోకాల్సిన్ తక్కువగా ఉంటుందని చాలా అధ్యయనాల్లో కనిపించింది. ఇది నిజం. కానీ రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు. చక్కెర ఎక్కువైతేనే ఎముక పునర్నిర్మాణం మందగించి ఆస్టియోకాల్సిన్ తగ్గవచ్చు.

రెండోది. 2007 నాటి ప్రయోగంలో కీలకమైన ఎస్ప్ జన్యువు మనుషుల్లో పాడుబడ్డ బావి లాంటిది. చోటుంది, నీళ్ళు లేవు. మనిషిలో దాని పని ఇంకో జన్యువు చేస్తుందని కొలంబియా బృందం అంటుంది. ఎలుకలో చూసినదాన్ని అలాగే మనిషికి అంటగట్టలేమన్నది మాత్రం తేటతెల్లం.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఎముకలు గుల్లబారిన వృద్ధులకు అలెండ్రొనేట్, జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ అనే మందులు ఇస్తారు. ఇవి ఎముక కరగడాన్ని ఆపుతాయి, దాంతో రక్తంలో ఆస్టియోకాల్సిన్ బాగా తగ్గుతుంది. ఎలుకల సిద్ధాంతం మనుషులకూ వర్తిస్తే ఈ మందులు వాడినవారిలో మధుమేహం పెరగాలి. వేలమంది మహిళలపై జరిగిన మూడు పెద్ద పరీక్షల లెక్కలను 2013లో మళ్ళీ తిరగేసి చూశారు. మందు వాడినవారికీ వాడనివారికీ మధుమేహం విషయంలో తేడా కనబడలేదు. విటమిన్ కె సంగతీ అంతే. అది కొక్కెంలేని ఆస్టియోకాల్సిన్‌ను తగ్గిస్తుంది కనుక చక్కెరకు చెరుపు చేయాలి. 2008లో ప్రచురించిన ఒక పరిశీలనలో మూడేళ్ళపాటు విటమిన్ కె తీసుకున్న వృద్ధ పురుషుల్లో ఇన్సులిన్ నిరోధకత పెరగడం నెమ్మదించింది. సిద్ధాంతానికి అది ఎదురు ఫలితం.

నాలుగోది. ఆస్టియోకాల్సిన్ ఒక ప్రోటీన్. నోటితో తిన్న ప్రోటీన్‌ను పొట్ట, పేగులు ముక్కలు చేస్తాయి. ఇన్సులిన్‌ను నేటికీ ఇంజెక్షన్‌గా ఇవ్వడానికి ముఖ్య కారణం అదే. ఎముకల పొడి తిన్నా, పాయా తాగినా ఎముక హార్మోన్ మన క్లోమానికి చేరదు. పాయా రుచికి తాగండి, మందుగా కాదు. రక్తంలో ఆస్టియోకాల్సిన్ పరీక్ష ఉంది కానీ, అది ఎముకల సంగతి చెప్పేది. షుగరు వైద్యానికి ఆస్టియోకాల్సిన్ మందు ఏదీ లేదు. నడక, వ్యాయామం మంచివే. వాటి మేలు చెప్పడానికి ఎముక హార్మోన్ అక్కర్లేదు. కండరాలు చక్కెరను వాడుకోవడం ఎప్పుడో రుజువైన సంగతి.

మళ్ళీ ఆ గదిలోకి

ఇంత చెప్పాక, "మరైతే ఈ యాభై ఏళ్ళ పనీ వృథాయేనా?" అని ఎవరైనా అడగవచ్చు. కాదు. ఎముక ఉత్త దూలం కాదని, తక్కిన అవయవాలతో మాట్లాడుతుందని ఎఫ్‌జీఎఫ్-23 నిలబెట్టింది. ఇన్సులిన్ ఎముక కణాల మీద కూడా పనిచేస్తుందని తెలిసింది. టైప్-2 మధుమేహం ఉన్నవారిలో స్కానులో ఎముక దట్టంగా కనిపించినా విరిగే ముప్పు ఎక్కువని తెలిసి, వైద్యులు ఆ రెంటినీ కలిపి చూడటం మొదలుపెట్టారు. ఇక ఎముక చక్కెరకు కబురు పంపుతుందా అన్న ప్రశ్న మాత్రం ఎలుకల్లో వివాదంలో ఉంది, మనుషుల్లో రుజువు కాలేదు. ఉన్నమాట ఇంతే. వాట్సాప్ సందేశం ఈ కథలో 2007 దగ్గర ఆగిపోయింది. 2013నూ 2020నీ చెప్పలేదు. అబద్ధం అక్కడుంది.

నేను ఉపన్యాసకుడిగా చేరిన కొత్తలో ఎముకల పాఠం చెప్పి ఆ అయిదు పాయింట్లే రాయించాను. తర్వాత చాలా ఏళ్ళకు ఆరో పాయింటు చేర్చాను, "హార్మోన్ల ద్వారా చక్కెరను అదుపు చేస్తుంది" అని. ఉద్యోగ విరమణ అయ్యాక తెలిసింది, ఆ పాయింటు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి ఉండాల్సిందని. నా దగ్గర చదివిన పిల్లలకు ఈ సంచిక చేరితే, దయచేసి మీ నోటు పుస్తకంలో ఆ గుర్తు చేర్చుకోండి. ఇప్పుడు పాఠం చెబుతున్న ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒకటే. పిల్లలకు ఫలితంతోపాటు అది ఎలా తేలిందో, దేంట్లో తేలిందో, ఎవరు కాదన్నారో కూడా ఒక్క నిమిషం చెప్పండి. రేపు వాళ్ళ ఫోనులోకి ఒక సందేశం వచ్చినప్పుడు ఆ ఒక్క నిమిషమే అక్కరకొస్తుంది.

మా మాస్టారు ఇప్పుడు లేరు. ఒకసారి ఆయన్ని "మాస్టారూ, పుస్తకంలో ఉన్నది తప్పైతే?" అని అడిగిన గుర్తు. "తప్పని చూపించు, మార్కులు నేనే వేస్తాను" అన్నారు. మిత్రుడు కోలుకుని మళ్ళీ మాత్రలు వేసుకుంటున్నాడు. రోజూ పొద్దున్నే ఇద్దరం మన బడి మైదానంలోనే నడుస్తున్నాం. ఈ స్వర్ణోత్సవానికి వచ్చినవాళ్ళు మాతో నాలుగు చుట్లు నడవండి.

(వ్యాసకర్త 1975–76 పదో తరగతి బ్యాచ్ పూర్వ విద్యార్థి, విశ్రాంత జంతుశాస్త్ర ఉపన్యాసకుడు)